ఉక్రెయిన్ యుద్ధ వార్తలను ఫాలో అవడం ఎలా: మ్యాపు నుంచి పార్లమెంటు దాకా సమగ్ర మార్గదర్శి

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడిన రోజు నుంచి కొన్నాళ్లపాటు మన ఇళ్లలో టీవీ ఆగలేదు. ఖార్కివ్, విన్నిత్సియా, జపోరిజియా లాంటి ఊళ్ల పేర్లు అప్పటిదాకా మెడిసిన్ సీటు కోసం వాకబు చేసిన తల్లిదండ్రులకే తెలుసు. ఆ వారంలో అందరికీ తెలిశాయి. ఆపరేషన్ గంగ కింద దాదాపు 22,500 మంది భారతీయులు ఇంటికి చేరాక ఆ వార్తలు మెల్లగా లోపలి పేజీల్లోకి జారుకున్నాయి. యుద్ధం మాత్రం ఆగలేదు.

మధ్యలో వదిలేసినవాళ్లు మళ్లీ అందుకోవాలంటే కష్టంగానే ఉంటుంది. యూట్యూబ్ తెరిస్తే 'కీవ్ పని అయిపోయింది' అని ఒక థంబ్‌నెయిల్, దాని కిందే 'పుతిన్‌కు చావుదెబ్బ' అని ఇంకొకటి. రెండూ ఒకే రోజువి. అక్కడ రోజూ మనుషులు చనిపోతున్నారు, ఊళ్లు నేలమట్టమవుతున్నాయి. దాన్ని క్రికెట్ స్కోరులా చూడటం నాకు మింగుడుపడదు. తెలుసుకోవాలనుకుంటే సరిగ్గా తెలుసుకుందాం. అందుకు రోజుకు అరగంట చాలు.

ఈ పద్ధతికంతటికీ ఆధారం ఒకటే. ఏ వార్త వచ్చినా అప్పటికప్పుడు నిజమనో అబద్ధమనో తేల్చేయకండి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏం చూపించారు అన్నది రాసిపెట్టుకుని రెండు రోజులు ఆగండి. గందరగోళంలో చాలా భాగం ఆ రెండు రోజుల్లోనే విడిపోతుంది.

మొదటి అడుగు: ఊళ్లు, నది, గడియారం

ఉక్రెయిన్ వైశాల్యం సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2.75 లక్షలు, అంటే దాంట్లో సగం కూడా కాదు. ఫ్రంట్ లైన్ పొడవు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. 2014లో ఆక్రమించిన క్రిమియాతో కలిపి దేశంలో దాదాపు అయిదో వంతు రష్యా చేతిలో ఉంది. ఈ కొలతలు మనసులో ఉంటే 'ఫలానా పల్లె పడిపోయింది' అన్న వార్త ఎంత పెద్దదో మీకే అర్థమవుతుంది.

ఒక మ్యాపు ముందు పెట్టుకుని ద్నీప్రో నదిని గుర్తుపట్టండి. ఉత్తరం నుంచి దేశం మధ్యగా దిగి, తూర్పుకు వంగి, తర్వాత నైరుతికి తిరిగి నల్ల సముద్రంలో కలుస్తుంది. ఆపైన ఆరు పేర్లు: ఈశాన్యంలో ఖార్కివ్, తూర్పున లుహాన్స్క్, దొనెత్స్క్ (ఈ రెండూ కలిస్తే దొన్‌బాస్), దక్షిణాన జపోరిజియా, ఖెర్సోన్, కింద క్రిమియా. వార్తల్లో ఎక్కువ భాగం ఈ ఆరింటి చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఉక్రెయిన్‌లో ఒబ్లాస్త్ అంటే మన జిల్లా కన్నా పెద్దది, రాష్ట్రం లాంటిది. ఒబ్లాస్త్‌కూ దాని ముఖ్యపట్టణానికీ చాలాచోట్ల ఒకటే పేరు. దొనెత్స్క్ నగరం 2014 నుంచే రష్యా అనుకూల వర్గాల చేతిలో ఉంది కాబట్టి 'దొనెత్స్క్‌లో భీకర పోరు' అంటే అది ఒబ్లాస్త్ గురించి. జపోరిజియా నగరం ఉక్రెయిన్‌ది, అదే పేరుతో పిలిచే అణు విద్యుత్ కేంద్రం మాత్రం ఎనెర్హోదర్ అనే ఊళ్లో ఉంది, 2022 మార్చి నుంచి అది రష్యా అధీనంలో ఉంది. 'జపోరిజియాపై దాడి' అని చదవగానే అణు కేంద్రం పేలిపోతుందని టెన్షన్ పడే ముందు, నగరమా, కేంద్రమా అని చూసుకోండి.

రష్యా రక్షణ శాఖ చాలా ఊళ్లను సోవియట్ కాలపు పేర్లతోనే పిలుస్తుంది. బఖ్ముత్‌ను అర్త్యోమొవ్‌స్క్ అని, పొక్రోవ్‌స్క్‌ను క్రస్నొఅర్మెయ్‌స్క్ అని, తొరెత్స్క్‌ను ద్జెర్జిన్‌స్క్ అని. ఒకే ఊరు రెండు వార్తల్లో రెండు పేర్లతో వస్తే, రెండు ఊళ్లు పోయాయనుకునే ప్రమాదం ఉంది.

గడియారం సంగతి. చలికాలంలో కీవ్ కన్నా మనం మూడున్నర గంటలు ముందుంటాం, వాళ్ల వేసవి వేళల్లో రెండున్నర గంటలు. మాస్కో సమయం ఏడాదంతా మారదు, మనం రెండున్నర గంటలు ముందు. డ్రోన్లు, క్షిపణుల దాడులు ఎక్కువగా రాత్రిపూటే జరుగుతాయి. ఎన్ని వచ్చాయి, ఎన్నింటిని కూల్చాం అన్న లెక్కను ఉక్రెయిన్ వైమానిక దళం మర్నాడు ఉదయం చెబుతుంది. కాబట్టి తెల్లవారుజామున మనకు కనిపించే అంకెలు తరచూ అసంపూర్ణం. మధ్యాహ్న భోజనం వేళకు చూస్తే మేలు.

రెండో అడుగు: నోటుబుక్కులో నాలుగు గళ్లు

ఒక మామూలు నోటుబుక్కు తీసుకుని పేజీని నాలుగు గళ్లుగా గీయండి. ఏమన్నారు, ఎవరన్నారు, ఏం చూపించారు, తర్వాత ఏం తేలింది. నాలుగో గడి అప్పటికి ఖాళీగా వదిలేయాలి. ఫోన్‌లో నోట్స్ అయినా ఫర్వాలేదు గానీ, చేత్తో రాస్తే గుర్తుంటుంది.

నల్ల సముద్రపు నౌకాదళంలో రష్యా ప్రధాన నౌక 'మస్క్వా' మునిగిన సంగతిని ఈ గళ్లలో నింపి చూద్దాం. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఉక్రెయిన్‌లోని ఒడెసా గవర్నర్ నెప్ట్యూన్ క్షిపణులతో దాన్ని కొట్టామని చెప్పారు. ఆధారం ఏమీ చూపలేదు. కొన్ని గంటల్లో రష్యా రక్షణ శాఖ ఓడలో మంటలు లేచాయని, మందుగుండు పేలిందని, సిబ్బందిని దించేశామని చెప్పింది. క్షిపణి మాటే లేదు. 14వ తేదీన ముందు ఓడ తేలుతూనే ఉందన్నారు, సాయంత్రానికి తాడు కట్టి లాక్కెళ్తుండగా తుపాను అలల్లో మునిగిపోయిందన్నారు. కొన్ని రోజులకు, ఒక పక్కకు ఒరిగి కాలుతున్న ఓడ ఫొటోలు బయటికొచ్చాయి. వాటిలో సముద్రం ప్రశాంతంగా ఉంది. చివరికి ఒకరు చనిపోయారని, 27 మంది ఆచూకీ లేదని రష్యా ఒప్పుకుంది.

మొదటి రాత్రి ఈ గళ్లు చూసి ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటే: ఓడకు పెద్ద ప్రమాదం జరిగిందని ఇద్దరూ అంటున్నారు. పడని రెండు పక్షాలూ ఒప్పుకున్న ముక్క ఏదో ముందు దాన్ని పట్టుకోండి. మిగతాది నాలుగో గడి చూసుకుంటుంది.

మనకు ఎవరిమీద సానుభూతి ఉంటే వాళ్ల మాట తొందరగా నమ్ముతాం. నాకు దాడికి గురైన దేశం మీద సానుభూతి ఉంది, దాన్ని దాచను. అందుకే ఆ వైపు వార్తలనూ అంతే గట్టిగా పరీక్షించాలంటాను. యుద్ధం మొదటి రోజున నల్ల సముద్రంలోని స్నేక్ ఐలండ్‌లో ఉన్న ఉక్రెయిన్ సరిహద్దు రక్షకులంతా లొంగకుండా ప్రాణాలు విడిచారని ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ స్వయంగా ప్రకటించారు. కొద్ది రోజులకే వాళ్లు బతికే ఉన్నారని, బందీలుగా ఉన్నారని ఉక్రెయిన్ నౌకాదళమే చెప్పింది. ఒంటిచేత్తో రష్యా విమానాలను కూల్చిన 'కీవ్ ఘోస్ట్' అనే పైలట్ కథ ప్రపంచమంతా తిరిగింది. అతను ప్రజలు సృష్టించుకున్న వీరగాథ మాత్రమేనని 2022 ఏప్రిల్ చివర ఉక్రెయిన్ వైమానిక దళమే తేల్చింది. అతని పేరుతో తిరిగిన వీడియో ఒక కంప్యూటర్ గేమ్‌లోది.

పేరున్న వార్తా సంస్థలకూ ఈ గళ్లు వర్తిస్తాయి. 2022 నవంబరు 15న పోలండ్‌లోని ప్షెవొదుఫ్ అనే పల్లెలో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. రష్యా క్షిపణులు నాటో దేశంలో పడ్డాయని పేరు చెప్పని ఒక అమెరికా అధికారిని ఉటంకిస్తూ ఏపీ వార్తా సంస్థ ఇచ్చింది, మూడో ప్రపంచ యుద్ధమంటూ మన ఛానళ్లూ ఊగిపోయాయి. అది ఉక్రెయిన్ గగనతల రక్షణ క్షిపణి అయ్యుంటుందని మర్నాడే పోలండ్, నాటో అన్నాయి. ఏపీ ఆ వార్తను వెనక్కి తీసుకుంది. 'పేరు చెప్పని ఒక అధికారి' అన్న మాట కనిపిస్తే మూడో గడిలో 'ఏమీ లేదు' అని రాసుకోండి.

మూడో అడుగు: రంగుల మ్యాపును చదవడం

రోజూ చూడాల్సినవి రెండు మ్యాపులు. ఒకటి ఉక్రెయిన్ బృందం నడిపే డీప్‌స్టేట్. రెండోది వాషింగ్టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ద స్టడీ ఆఫ్ వార్, అందరూ ఐఎస్‌డబ్ల్యూ అంటారు. ఐఎస్‌డబ్ల్యూ రాసే రోజువారీ నివేదిక అమెరికా సాయంత్రం వేళ వస్తుంది కాబట్టి మనం నిద్ర లేచేసరికి సిద్ధంగా ఉంటుంది. దాని విశ్లేషణలో ఉక్రెయిన్ వైపు మొగ్గు ఉంటుంది, కానీ ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నదో చెబుతుంది. రష్యా వైపు ఏమనుకుంటున్నారో తెలియాలంటే రైబార్ లాంటి టెలిగ్రామ్ ఛానళ్లు ఉన్నాయి. అవి ప్రచారమే. అయినా తమ సైన్యం ఎక్కడ ఇబ్బంది పడుతోందో కొన్నిసార్లు రక్షణ శాఖ కన్నా ముందే బయటపెడతాయి.

మ్యాపులో రంగుల వివరణ చదవకుండా గీతలు చూడకండి. డీప్‌స్టేట్‌లో ఎరుపు ఆక్రమణలో ఉన్న నేల, ఆకుపచ్చ విముక్తమైన నేల, మధ్యలో బూడిద రంగు ఎవరి చేతిలో ఉందో తేలనిది. 2022లో ఆ బూడిద పట్టీ సన్నగా ఉండేది. డ్రోన్లు పెరిగాక, ఇటు నుంచి అటు వరకు పగటిపూట మనిషి కదలలేని మేర వెడల్పయింది. ఇద్దరు ముగ్గురు సైనికులు ఆ పట్టీ దాటి ఒక ఇంట్లోకి దూరితే చొరబాటు అవుతుంది గానీ అధీనం కాదు. 2025 ఆగస్టులో దొబ్రొపిల్లియా దగ్గర ఇదే గొడవ వచ్చింది. రష్యా దళాలు కిలోమీటర్ల లోతుకు వచ్చేశాయని డీప్‌స్టేట్ చూపిస్తే, అవి చిన్న చిన్న గుంపులే, పట్టు దొరకలేదని ఉక్రెయిన్ సైన్యం అంది. తమ సొంత సైన్యానికి రుచించని వార్తను కూడా చూపించినందుకే ఆ మ్యాపు మీద నాకు గౌరవం. ఉక్రెయిన్ ముందుకు వెళ్తున్నప్పుడు మాత్రం భద్రత కోసం ఆలస్యంగా మారుస్తారు, అది గుర్తుంచుకోవాలి.

ఒక ఊరి విషయంలో ఇది ఎలా నడుస్తుందో కూపియాన్స్క్‌ను చూస్తే తెలుస్తుంది. ఖార్కివ్ ఒబ్లాస్త్‌లో ఒస్కిల్ నది మీదున్న ఈ పట్టణం యుద్ధం మొదటి వారంలోనే రష్యా చేతికి వెళ్లింది. 2022 సెప్టెంబరు ఎదురుదాడిలో ఉక్రెయిన్ దాన్ని తిరిగి తీసుకుంది. 2025 నవంబరు 20న రష్యా సైన్యాధిపతి గెరాసిమోవ్, కూపియాన్స్క్ తమ అధీనంలోకి వచ్చిందని పుతిన్‌కు నివేదించారు. టీవీలో చూపించారు. ఆ రోజు మన దగ్గర కొన్ని వెబ్‌సైట్లు 'కూపియాన్స్క్ పతనం' అని పెట్టేశాయి. ఉక్రెయిన్ కాదంది. డీప్‌స్టేట్ మ్యాపులో పట్టణం ఎరుపు కాలేదు. డిసెంబరు 12న జెలెన్‌స్కీ ఆ పట్టణం ముఖద్వారంలో, పేరు రాసి ఉన్న పెద్ద బోర్డు ముందు నిలబడి వీడియో విడుదల చేశారు.

ఈ వీడియో ఏం రుజువు చేస్తుంది? ఆ రోజు ఆ బోర్డు దగ్గరకు ఉక్రెయిన్ అధ్యక్షుడు వెళ్లగలిగాడని. కాబట్టి ఊరంతా రష్యా గట్టి పట్టులో ఉందన్న మాట నిలబడదు. పట్టణంలో ఒక్క రష్యా సైనికుడూ లేడని మాత్రం అది చెప్పదు. ఒక ఆధారం ఎంతవరకు చెబుతుందో అంతవరకే తీసుకోవడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం.

'పట్టుకున్నాం' అన్న ప్రకటన వస్తే చూడాల్సినవి: ఊరి నడిబొడ్డున జెండా వీడియో ఉందా, శివారులోనా? ఆ తర్వాత కూడా అదే ఊళ్లో రష్యా బాంబులు వేస్తోందా? తన చేతిలో ఉన్న ఊరి మీద ఎవరూ బాంబులు వేసుకోరు. ఉక్రెయిన్ జనరల్ స్టాఫ్ నివేదికలో ఆ ఊరి పేరు పోరు జరుగుతున్న జాబితాలోంచి మాయమైందా? పేరు చెప్పడం మానేశారంటే చాలాసార్లు అది పోయిందనే అర్థం.

నాలుగో అడుగు: అధికారుల భాష

ఓడిపోయామని ఏ సైన్యమూ చెప్పదు. 2022 జూన్ 30న స్నేక్ ఐలండ్ వదిలి వెళ్తూ రష్యా దాన్ని 'సుహృద్భావ చర్య' అంది. అదే ఏడాది సెప్టెంబరు 10న ఇజియుమ్, బలక్లియా నుంచి పారిపోతున్నప్పుడు 'బలగాల పునర్వ్యవస్థీకరణ' అంది. 2024 ఫిబ్రవరి 17న దొనెత్స్క్ ఒబ్లాస్త్‌లోని అవ్దియివ్కా పట్టణాన్ని వదులుకున్నప్పుడు ఉక్రెయిన్ సైన్యాధిపతి సిర్‌స్కీ 'మరింత అనుకూలమైన రేఖలకు' వెళ్తున్నామన్నారు. రష్యాలో చమురు శుద్ధి కర్మాగారం తగలబడితే అక్కడి గవర్నర్ 'కూల్చేసిన డ్రోన్ శకలాలు పడి మంటలు' అంటారు.

ఇలాంటి మాటలకు మీ నోటుబుక్కు వెనక పేజీలో ఒక చిన్న జాబితా పెట్టుకోండి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2022 నవంబరు 9న రష్యా జనరల్ సురొవికిన్, అప్పటి రక్షణ మంత్రి షోయిగు టీవీ కెమెరాల ముందే ఖెర్సోన్ నుంచి వెనక్కి వెళ్తున్నామని చెప్పారు. అది వల అయ్యుంటుందని చాలామంది అనుమానించారు. రెండు రోజుల్లో ఉక్రెయిన్ సైనికులు నగరంలోకి వచ్చారు. తనకు నష్టం కలిగించే మాటను ఒక పక్షం తనంతట తాను చెబితే, దానికి విలువ ఎక్కువ ఇవ్వండి.

అయిదో అడుగు: వీడియోలు, ఉపగ్రహాలు

వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ముందు ఒక్కచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదైతే అక్కడే దొరికిపోతుంది. సిరియావి, గేముల్లోవి, పాత ఫ్యాక్టరీ ప్రమాదాలవి ఎన్నిటినో ఉక్రెయిన్ పేరుతో తిప్పారు. పాతది కాదని తేలితే ఎక్కడిదో చూడాలి. చర్చి గోపురం, వాటర్ ట్యాంకు, రోడ్డు మలుపు, దుకాణం బోర్డు మీది అక్షరాలు: వీటిని ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చి చోటు కనుక్కోవడాన్ని జియోలొకేషన్ అంటారు. మనమే చేయనక్కర్లేదు. జియోకన్ఫర్మ్‌డ్, బెల్లింగ్‌క్యాట్ బృందాలు ఆ పని చేసి బయట పెడతాయి. చోటు తేలినా తేదీ తేలదు. చెట్లకు ఆకులున్నాయా, నేల మీద మంచుందా, నీడలు ఎటు పడ్డాయి అన్నవి తేదీకి ఆధారాలు.

2023 జూన్‌లో ఉక్రెయిన్ ఎదురుదాడి మొదలైనప్పుడు జర్మనీ ఇచ్చిన లెపర్డ్ ట్యాంకులను పేల్చేశామంటూ రష్యా రక్షణ శాఖ ఒక వీడియో విడుదల చేసింది. అందులో కనిపించేవి పొలం యంత్రాలని రష్యా యుద్ధ బ్లాగర్లే ఎత్తిచూపారు. ఆ తర్వాత కొద్ది రోజులకే నిజంగా దెబ్బతిన్న లెపర్డ్‌ల ఫొటోలు వచ్చాయి. మొదటి వీడియో తప్పు కాబట్టి రెండోదీ తప్పే అనుకున్నవాళ్లు పొరబడ్డారు.

నాసా వారి ఫర్మ్స్ అనే ఉచిత మ్యాపు భూమి మీద ఎక్కడ అధిక వేడి ఉందో చుక్కలుగా చూపిస్తుంది. ఫలానా చమురు డిపో కాలిపోయిందంటే అక్కడ చుక్క ఉందేమో చూడొచ్చు. వేసవిలో పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెట్టినా చుక్కలొస్తాయి, మబ్బు పడితే అసలు రావు. యూరప్ వారి సెంటినెల్-2 చిత్రాలూ ఉచితమే, పది మీటర్ల స్పష్టత. కాలిన ట్యాంకు కనబడదు, కూలిన ఆనకట్ట కనబడుతుంది. 2023 జూన్ 6న కఖోవ్కా ఆనకట్ట తెగాక జలాశయం ఎండిపోవడాన్ని అందులో ఎవరైనా చూడగలిగారు.

ఆరో అడుగు: చావుల లెక్క

ఇక్కడ తొందరపడితే మనుషులకు అన్యాయం చేసినట్టవుతుంది.

ఉక్రెయిన్ జనరల్ స్టాఫ్ రోజూ ఉదయం రష్యా 'నష్టాలు' అని ఒక అంకె ఇస్తుంది. అది చనిపోయినవారి లెక్క కాదు, గాయపడినవారూ అందులో ఉంటారనే విశ్లేషకులు తీసుకుంటారు. మన పత్రికల్లో మాత్రం తరచూ 'మృతులు' అయిపోతుంది. రష్యా తన మృతుల మొత్తాన్ని చివరిగా చెప్పింది 2022 సెప్టెంబరులో: 5,937. ఆ తర్వాత చెప్పలేదు. అందుకే రష్యా స్వతంత్ర వార్తా సంస్థ మీడియాజోనా, బీబీసీ రష్యన్ విభాగం కలిసి చేస్తున్న పని విలువైంది. స్థానిక పత్రికల్లో సంతాప ప్రకటనలు, సమాధుల ఫొటోలు, బంధువుల పోస్టులు చూసి ఒక్కో పేరూ ఎక్కిస్తారు. ఆ జాబితా 2025లో లక్ష దాటింది. పేరు దొరికినవారే అందులో ఉంటారు కాబట్టి అది కనీస సంఖ్య. ఉక్రెయిన్ వైపు జెలెన్‌స్కీ 2024 ఫిబ్రవరిలో 31 వేలు అని, డిసెంబరులో 43 వేలు అని చెప్పారు. అది ఒక పక్షం తన గురించి తాను చెప్పిన అంకె.

పౌరుల మరణాలకు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విభాగం లెక్క చూడండి. ధ్రువీకరించినవే వేస్తారు, అసలు సంఖ్య ఎక్కువని వాళ్లే ప్రతిసారీ రాస్తారు. మరియుపోల్ లాంటి చోట్లకు వాళ్లను వెళ్లనివ్వలేదు. ట్యాంకులు, విమానాల నష్టాలకు ఒరిక్స్ జాబితా ఉంది, ఫొటో ఉంటేనే ఎక్కిస్తారు.

ఏడో అడుగు: రాజకీయాల క్యాలెండరు

మ్యాపు మీద రోజుకు వంద మీటర్లు కదులుతుంటే, ఎక్కడో ఒక సభలో పడే ఓటు ఆర్నెల్ల తర్వాతి మ్యాపును మార్చేస్తుంది. యుద్ధ వార్తల్లో దీన్నే అందరూ వదిలేస్తారు. నేనైతే వారానికి ఒక రోజు మ్యాపు మూసేసి క్యాలెండరు మాత్రమే చూడమంటాను.

అవ్దియివ్కా సంగతే తీసుకోండి. 2023 అక్టోబరులో బైడెన్ ఉక్రెయిన్‌కు కొత్త సాయం కోసం కాంగ్రెస్‌ను అడిగారు. ప్రతినిధుల సభలో అది నెలల తరబడి నిలిచిపోయింది. అదే అక్టోబరులో రష్యా అవ్దియివ్కా మీద పెద్ద దాడి మొదలుపెట్టింది. చలికాలం గడిచేసరికి ఉక్రెయిన్ ఫిరంగులకు గుండ్లు కరువయ్యాయి. 2024 ఫిబ్రవరి 17న ఊరు పోయింది. సుమారు 61 బిలియన్ డాలర్ల బిల్లును సభ ఆమోదించింది ఏప్రిల్ 20న. ఆ రెండు కథలనూ విడివిడిగా చదివినవారికి ఊరు ఎందుకు పోయిందో సగమే తెలుస్తుంది.

యూరోపియన్ యూనియన్‌కు ఆంక్షల విషయంలో 27 దేశాల ఏకగ్రీవం కావాలి. ఆర్థిక ఆంక్షలను ప్రతి ఆర్నెల్లకూ, అంటే జనవరి 31, జులై 31 గడువులకు ముందు, పొడిగించాలి. వ్యక్తులపై ఆంక్షలకు మార్చి 15, సెప్టెంబరు 15. ఈ నాలుగు తేదీలకు రెండు వారాల ముందు హంగరీ, స్లొవేకియా ఏమంటున్నాయో చూడండి. 2025లో 18వ విడత ఆంక్షలను స్లొవేకియా వారాలపాటు ఆపింది, జులై 18న దారికొచ్చింది. రష్యా వారి స్తంభింపజేసిన ఆస్తుల్లో అధిక భాగం బెల్జియంలోని యూరోక్లియర్ అనే ఆర్థిక సంస్థలో ఉంది కాబట్టి ఆ డబ్బు మాట వచ్చినప్పుడల్లా బెల్జియం ప్రధాని ఏమన్నాడో ముందు చదవండి.

డబ్బు వాగ్దానాల దగ్గర ఒక జాగ్రత్త. ప్రకటించింది వేరు, కేటాయించింది వేరు, చేరింది వేరు. జర్మనీలోని కీల్ ఇన్‌స్టిట్యూట్ వీటిని విడదీసి చూపిస్తుంది.

కీవ్‌లో సైనిక శాసనాన్ని పార్లమెంటు, అంటే వెర్ఖోవ్నా రాడా, 90 రోజులకోసారి పొడిగిస్తూ వస్తోంది. అది అమల్లో ఉండగా అక్కడి చట్టం ప్రకారం ఎన్నికలు జరగవు. జెలెన్‌స్కీ పదవీకాలం 2024 మేలో ముగిసిందని, ఆయనకు అధికారం లేదని రష్యా చేసే వాదనకు జవాబు ఈ చట్టంలో ఉంది. అలాగని అక్కడ అంతా ఒక్కతాటి మీద ఉన్నారనుకోవద్దు. 2025 జులైలో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను తగ్గించే చట్టం మీద యుద్ధం మధ్యలోనే జనం వీధుల్లోకి వచ్చారు, పది రోజుల్లో ఆ చట్టాన్ని వెనక్కి తిప్పారు. నవంబరు చివర్లో అధ్యక్షుడి కుడిభుజం యెర్మాక్ అవినీతి దర్యాప్తు నేపథ్యంలో రాజీనామా చేశారు.

మాస్కోలో పార్లమెంటు కన్నా ఉత్తర్వులు చూడాలి. 2022 సెప్టెంబరు 21న 3 లక్షల మంది సమీకరణ, 30న నాలుగు ఒబ్లాస్త్‌ల (లుహాన్స్క్, దొనెత్స్క్, జపోరిజియా, ఖెర్సోన్) విలీన ప్రకటన. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటీ అప్పటికి పూర్తిగా పుతిన్ చేతిలో లేదు, మర్నాడే లిమన్ పట్టణం నుంచి రష్యా సైన్యం వెళ్లిపోయింది. రాజ్యాంగంలో రాసుకున్న ఆ గీత తర్వాతి ప్రతి చర్చలోనూ అడ్డొచ్చింది.

ఐక్యరాజ్యసమితిలో ఓట్ల అంకెలు రాసిపెట్టుకోండి. 2022 మార్చి 2న రష్యా దాడిని ఖండించిన సాధారణ సభ తీర్మానానికి 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దూరం. 2025 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ తీర్మానానికి 93, 18, 65. ఆ 18లో అమెరికా ఉంది. రెండుసార్లూ భారత్ దూరంగా ఉంది. మూడేళ్లలో ప్రపంచ రాజకీయం ఎటు జరిగిందో ఈ రెండు వరుసలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: శాంతి చర్చల వార్తలు

'యుద్ధం ముగింపు దిశగా' అన్న హెడ్డింగ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చర్చల వార్త రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. నేల సంగతి ఏమన్నారు? భద్రతకు హామీ ఎవరిస్తారు? ముందు కాల్పుల విరమణా, ముందు ఒప్పందమా?

2025 ఆగస్టు 15న అలాస్కాలో ట్రంప్, పుతిన్ కలిశారు. కరచాలనాలు, ఎర్ర తివాచీ గురించి గంటలు గంటలు చూపించారు. అసలు మార్పు మర్నాడు వచ్చింది: ముందు కాల్పుల విరమణ అంటూ వచ్చిన ట్రంప్, నేరుగా శాంతి ఒప్పందానికే వెళ్లడం మంచిదన్నారు. ఉక్రెయిన్‌కూ యూరప్‌కూ గుబులు పుట్టించింది ఆ వాక్యం. నేల ప్రశ్నకు మళ్లీ మ్యాపు తెరవాలి. దొన్‌బాస్ మొత్తం ఇచ్చేయమని రష్యా అడుగుతోందంటే, తాను యుద్ధంలో గెలవలేకపోయిన స్లొవియాన్స్క్, క్రమతోర్స్క్ పట్టణాలను కూడా అడుగుతోందని అర్థం. 2014 నుంచి ఉక్రెయిన్ కోటలా కట్టుకున్న వరుస అది. దాని వెనక అంతా చదును నేల.

చర్చలన్నీ దండగ అనేయడమూ తప్పే. 2025 మే 16న ఇస్తాంబుల్‌లో ఇరుపక్షాలూ కలిశాక కాల్పుల విరమణ రాలేదు, కానీ అటు వెయ్యి మంది, ఇటు వెయ్యి మంది బందీలు ఇళ్లకు వెళ్లారు. ఆ బస్సులు దిగేచోట, తమవాళ్ల ఫొటోలు పట్టుకుని 'ఇతన్ని చూశారా' అని అడిగే కుటుంబాలు ప్రతిసారీ ఉంటాయి. చర్చల ఫలితాన్ని కొలిచేటప్పుడు దాన్నీ లెక్కలో వేయాలి.

ఇద్దరు నేతలు ఫోన్‌లో మాట్లాడితే రెండు వైపుల ప్రకటనలూ పక్కపక్కన చదవండి. ఒకరి దాంట్లో ఉండి రెండోవారి దాంట్లో లేని వాక్యమే సాధారణంగా అసలు తగాదా.

తొమ్మిదో అడుగు: మన గడప దాకా

2022లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎందుకు మండిపోయిందో అందరికీ గుర్తుంది. మనం దిగుమతి చేసుకునే ఆ నూనెలో చాలా భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. యుద్ధానికి ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటింది. అందుకు శిక్షగా అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసింది. ఆ దెబ్బ భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద పడింది. ఆక్వా రైతుకు ఈ యుద్ధంలో చూడాల్సిన వార్త బఖ్ముత్‌ది కాదు, చమురు ఆంక్షలది.

ఇంతకన్నా బాధాకరమైనది ఇంకొకటుంది. సహాయకుల ఉద్యోగాలని, సెక్యూరిటీ పని అని చెప్పి ఏజెంట్లు మన యువకులను రష్యా పంపితే, అక్కడ సైన్యంలో చేర్చి ఫ్రంట్‌కు తోలారు. 2024లో హైదరాబాద్‌కు చెందిన ఒక యువకుడు అలా ప్రాణాలు కోల్పోయాడు. ఆ మార్చిలో సీబీఐ కేసు పెట్టింది, జులైలో మాస్కో వెళ్లినప్పుడు ప్రధాని మోదీ ఈ విషయాన్ని పుతిన్ దగ్గర ఎత్తారు. మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో ఎవరైనా రష్యాలో ఉద్యోగం అంటూ బయల్దేరితే, రష్యన్ భాషలో ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దని ముందే చెప్పండి. చిక్కుకుపోయినవారి కోసం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరుతో మీ ఎంపీ కార్యాలయాన్ని కలవండి.

పదో అడుగు: రోజులో ఎంత, ఎప్పుడు

ఉదయం పది నిమిషాలు ఐఎస్‌డబ్ల్యూ నివేదిక పై భాగం. మధ్యాహ్నం పది నిమిషాలు: రాత్రి దాడుల లెక్క, కీవ్ ఇండిపెండెంట్ లాంటి అక్కడి పత్రిక, రాయిటర్స్. సాయంత్రం పది నిమిషాలు డీప్‌స్టేట్ మ్యాపు, నోటుబుక్కు. పడుకునే ముందు వద్దు. రాత్రిపూట వచ్చే తొలి వార్తలే ఎక్కువగా మారిపోతాయి, పైగా నిద్ర చెడుతుంది.

డ్రోన్ ఒక మనిషిని వెంటాడి చంపే వీడియోలు టెలిగ్రామ్‌లో విచ్చలవిడిగా తిరుగుతుంటాయి. వాటికి సంగీతం కూడా కలుపుతారు. అవి చూడకపోతే మీకు తెలియకుండా పోయేది ఏమీ లేదు. బందీల ముఖాలు కనిపించే వీడియోలు ఫార్వర్డ్ చేయకండి. యుద్ధ ఖైదీలను జనం ముందు ప్రదర్శించకూడదని మూడో జెనీవా ఒప్పందం చెబుతుంది, వాళ్ల ఇంట్లోవాళ్లు ఆ వీడియో చూస్తారన్న సంగతి అంతకన్నా ముందే మనకు తోచాలి.

ఆదివారం ఒక గంట కేటాయించి నోటుబుక్కులో నాలుగో గడి నింపండి. రెండు వారాల కిందటి వార్తలు తీసుకుని ఏది నిలిచింది, ఏది కాదు అని చూసుకుంటూ పోతే, మీరు చూసే ఛానళ్లలో ఏది ఎన్నిసార్లు తప్పు చెప్పిందో నెల తిరిగేసరికి మీ చేతిరాతలోనే ఉంటుంది. తరచూ తప్పినవాటిని అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి. తర్వాతి నెలకు కొత్త పేజీ మీద, రాబోయే ఆంక్షల గడువు, రాడా పొడిగింపు తేదీ, ఐరాస సమావేశం ముందే రాసిపెట్టుకోండి.